1923 ఈజిప్టు రాజ్యాంగం: పార్లమెంటు తలుపు మూసినప్పుడల్లా ఏం జరిగింది?

పాతపటం

ఈజిప్టు రాచరికం గురించి చదివేవాళ్లకి మొదటి వారంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కాస్త న్యాయంగా ఎన్నిక జరిగినప్పుడల్లా జాతీయవాదుల వఫ్ద్ పార్టీయే గెలిచింది. అయినా 1922 నుంచి 1952 దాకా ముప్పై ఏళ్లలో ఆ పార్టీ అధికారంలో ఉన్నది చాలా తక్కువ కాలం. రాజు ఏ నిబంధన పట్టుకుని గెలిచినవాళ్లను ఇంటికి పంపాడు? ఆయన్ని ఆపడానికి 1923 రాజ్యాంగంలో ఏమీ లేదా? ఉంటే ఎందుకు పనిచేయలేదు? తారీఖులతో, నిబంధనలతో చెప్పగలిగినవాళ్లు రాయండి. "బ్రిటిష్ వాళ్లు చేయనివ్వలేదు" అనే ఒక్క ముక్కతో నాకు తృప్తి కలగడం లేదు.

నైలుగట్టు

మంచి ప్రశ్న. ముందు ఆ కాగితంలో ఏముందో చూద్దాం.

1922 ఫిబ్రవరి 28న బ్రిటన్ తనంతట తానే ఒక ప్రకటన చేసి, 1914 నుంచి ఉన్న సంరక్షిత రాజ్య హోదాను ఎత్తేసింది. నాలుగు విషయాలు మాత్రం తన చేతిలో ఉంచుకుంది: సామ్రాజ్య రవాణా మార్గాల భద్రత (అంటే సూయజ్ కాలువ), ఈజిప్టు రక్షణ, విదేశీయుల, అల్పసంఖ్యాకుల ప్రయోజనాలు, సూడాన్. మార్చి 15న సుల్తాన్ ఫువాద్ రాజు ఫువాద్ అయ్యాడు. రాజ్యాంగం వచ్చింది 1923 ఏప్రిల్ 19న. 170 నిబంధనలు, మూస చాలావరకు 1831 నాటి బెల్జియం రాజ్యాంగానిది.

రాజుకు దక్కినవి: ప్రధానిని నియమించడం, తీసేయడం; ప్రతినిధుల సభను రద్దు చేయడం; సమావేశాన్ని ఒక నెలకు మించకుండా వాయిదా వేయడం; సెనేట్‌లో ఐదింట రెండు వంతుల మందిని నియమించడం; సభలు పాస్ చేసిన బిల్లును తిప్పి పంపడం. తిప్పి పంపిన బిల్లును రెండు సభలూ మూడింట రెండు వంతుల ఓట్లతో మళ్లీ పాస్ చేస్తే అది చట్టమైపోతుంది.

ఇక రాజును కట్టడి చేసేవి. జనం వీటినే మరిచిపోతారు.

88వ నిబంధన: ఒక విషయం మీద సభను రద్దు చేస్తే, కొత్తగా వచ్చిన సభను అదే విషయం మీద మళ్లీ రద్దు చేయకూడదు.

89వ నిబంధన: రద్దు ఉత్తర్వులోనే రెండు నెలల్లోపు ఎన్నికలకు పిలుపు ఉండాలి. ఎన్నిక పూర్తయిన పది రోజుల్లో కొత్త సభ ఎప్పుడు కూర్చుంటుందో కూడా అందులోనే చెప్పాలి.

96వ నిబంధన: ఏటా నవంబర్ మూడో శనివారం లోపు రాజు పార్లమెంటును పిలవాలి. పిలవకపోతే ఆ రోజున సభ తనంతట తానే చట్టప్రకారం సమావేశమవుతుంది.

155వ నిబంధన: యుద్ధకాలంలోనో, సైనిక శాసనం (మార్షల్ లా) అమల్లో ఉన్నప్పుడో తాత్కాలికంగా తప్ప రాజ్యాంగంలోని ఏ నిబంధననూ నిలుపుదల చేయరాదు.

కాబట్టి కట్టడి ఉంది, బాగానే రాశారు. లేనిదల్లా ఈ నిబంధనలు మీరినప్పుడు తీర్పు చెప్పే కోర్టు. బెల్జియంలోనూ అలాంటిది లేదు; అక్కడ రాజు మీరలేదు కనుక అవసరం పడలేదు.

కవిలెకట్ట

వఫ్ద్ కాలం ఎంతో లెక్క వేసి చూపిస్తే మిగతా చర్చ తేలికవుతుంది. పార్టీ స్థాపకుడు సాద్ జగ్లూల్ 1924 జనవరి నుంచి నవంబర్ దాకా, పది నెలలు. ఆయన తర్వాత పార్టీ నాయకుడైన నహ్హాస్ 1928 మార్చి నుంచి జూన్ దాకా, మూడు నెలల పైచిలుకు, అదీ సంకీర్ణం. 1930 జనవరి నుంచి జూన్ దాకా, ఐదున్నర నెలలు. 1936 మే నుంచి 1937 డిసెంబర్ 30 దాకా, దాదాపు ఇరవై నెలలు. 1942 ఫిబ్రవరి నుంచి 1944 అక్టోబర్ 8 దాకా, ముప్పై రెండు నెలలు. 1950 జనవరి నుంచి 1952 జనవరి 27 దాకా, ఇరవై నాలుగు నెలలు. అన్నీ కలిపితే ఎనిమిదేళ్లకు కాస్త తక్కువ.

దీనికి పక్కనే ఇంకో వరుస రాసుకోండి: ఎలా దిగిపోయారు? రాజీనామా, బర్తరఫ్, రాజీనామా, బర్తరఫ్, బర్తరఫ్, బర్తరఫ్. అవిశ్వాస తీర్మానంలో ఓడి దిగింది ఒక్కసారి లేదు. పదవిలో ఉండి ఎన్నికకు వెళ్లి ఓడి దిగిందీ లేదు.

డెల్టాచేను

1924 నవంబర్ రాజీనామాకు కారణం రాజు కాదని గుర్తుంచుకోవాలి. నవంబర్ 19న సూడాన్ గవర్నర్ జనరల్, ఈజిప్టు సైన్యాధిపతి అయిన బ్రిటిష్ అధికారి సర్ లీ స్టాక్ మీద కైరోలో కాల్పులు జరిపారు, ఆయన చనిపోయాడు. బ్రిటిష్ హైకమిషనర్ అల్లెన్‌బీ తాఖీదు ఇచ్చాడు: 5 లక్షల పౌన్ల జరిమానా, సూడాన్ నుంచి ఈజిప్టు దళాల ఉపసంహరణ, సూడాన్‌లోని గెజీరా సాగుకు నైలు నీటి మీద పరిమితి ఎత్తివేత. డబ్బు జగ్లూల్ కట్టాడు, మిగతావి ఒప్పుకోలేదు. అలెగ్జాండ్రియా కస్టమ్స్ కార్యాలయాన్ని బ్రిటిష్ సైన్యం ఆక్రమించింది, ఆయన దిగిపోయాడు. నీళ్ల షరతు తగిలించడం అన్నిటికన్నా దుర్మార్గం. కాలువ చివరి భూముల రైతుకి ఆ వాక్యం ఎలా వినబడుతుందో డెల్టాల్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నైలుగట్టు

అవును. రాజు తన పని మొదలుపెట్టింది ఆ తర్వాతే.

జగ్లూల్ స్థానంలో అహ్మద్ జివర్ ప్రధాని అయ్యాడు. డిసెంబర్‌లో సభ రద్దయింది. ఎన్నికలు నడపడానికి హోంశాఖ ఇస్మాయిల్ సిద్కీ చేతికి వచ్చింది. ఫలితాలు రాగానే ప్రభుత్వానికే మెజారిటీ అని చాటుకున్నారు. 1925 మార్చి 23న కొత్త సభ కూర్చుంది. మొదటి పని సభాపతి ఎన్నిక. జగ్లూల్‌కు 123, ప్రభుత్వం నిలబెట్టిన సర్వత్‌కు 85 ఓట్లు వచ్చాయి. వేరే పార్టీల పేరుతోనో స్వతంత్రులుగానో గెలిచి వచ్చినవాళ్లు రహస్య ఓటులో జగ్లూల్ వైపు తిరిగారు. ఆ సాయంత్రమే సభను రద్దు చేశారు. పొద్దున పుట్టి పొద్దుగూకేలోపు పోయిన పార్లమెంటు అది.

ఇది నేరుగా 88కి విరుద్ధం, ఎందుకంటే రెండు రద్దులకూ కారణం ఒక్కటే. ఆ తర్వాత రెండు నెలల్లో ఎన్నికలూ పెట్టలేదు, అంటే 89 కూడా పోయింది. మిగిలింది 96.

పాతపటం

మరి 96 ప్రకారం నవంబర్ మూడో శనివారం ఎవరైనా వెళ్లారా?

నైలుగట్టు

వెళ్లారు. 1925 నవంబర్ 21. కానీ దానికి ముందు జరిగిన ఒక సంగతి తెలియకపోతే ఆ రోజు అన్ని పార్టీలవాళ్లూ ఒకచోటికి ఎలా చేరారో అర్థం కాదు.

1924 మార్చి 3న టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఆ ఖాళీ పీఠం మీద ఫువాద్‌కు ఆశ ఉంది. 1925లో అలీ అబ్దుర్రాజిక్ అనే షరియా కోర్టు న్యాయమూర్తి చిన్న పుస్తకం రాసి, ఖిలాఫత్ మతం విధించిన వ్యవస్థ కాదని వాదించాడు. కోటకు, అంటే రాజుకు, అది సూటిగా తగిలింది. ఆగస్టులో కైరోలోని ఇస్లామిక్ విద్యాపీఠం అల్-అజ్‌హర్ పెద్ద ఉలేమా (మతపండితుల) మండలి ఆయన పండిత పట్టాను లాగేసుకుంది. పట్టా పోయినవాణ్ణి ఉద్యోగం నుంచి తీసేయడం న్యాయశాఖ మంత్రి పని. మంత్రి అబ్దుల్ అజీజ్ ఫహ్మీ, లిబరల్ కాన్‌స్టిట్యూషనలిస్ట్ పార్టీ నాయకుడు, వెంటనే సంతకం పెట్టలేదు. దాంతో మంత్రినే తీసేశారు. ఆయన వెంట ఆ పార్టీ మంత్రులందరూ బయటికొచ్చారు. వఫ్ద్ అంటే గిట్టని ఆ భూస్వామ్య మేధావుల పార్టీ రెండు నెలల్లో వఫ్ద్ పక్కన కూర్చుంది.

నవంబర్ 21న పార్లమెంటు భవనం చుట్టూ సైన్యం కాపలా. సభ్యులు కాంటినెంటల్ హోటల్‌కు వెళ్లి అక్కడే సభ తీర్చారు, జగ్లూల్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, జివర్ ప్రభుత్వం మీద అవిశ్వాసం ప్రకటించారు. 96వ నిబంధన స్థలం పేరు చెప్పలేదు, రోజు చెప్పింది. వాళ్లు ఆ రోజును పట్టుకున్నారు.

ఊరిచావడి

నిబంధనల గొడవలో ఒకటి తప్పిపోతోంది. కైరోలో ఏం జరిగినా, ఎన్నిక జరిగేది ఊళ్లో. యంత్రాంగం ఇదీ.

ముదీర్ అంటే మన జిల్లా కలెక్టరు లాంటివాడు. కింద తాలూకా స్థాయిలో మఅమూర్. ఊళ్లో ఉమ్దా, అంటే గ్రామ మునసబు. ఉమ్దా కావాలంటే కనీసం పది ఫెద్దాన్ల భూమి ఉండాలి. ఫెద్దాన్ మన ఎకరం కంటే పిసరంత పెద్దది, 4,200 చదరపు మీటర్లు. ఉమ్దా కింద ఘఫీర్లు, మన తలారుల్లాంటివాళ్లు. శిస్తు వసూలుకు సర్రాఫ్. వీళ్లంతా హోంశాఖ, ఆర్థికశాఖల చేతిలో మనుషులు.

ప్రభుత్వం మారిన వారంలో జరిగే పనులు ప్రతిసారీ ఒకే వరుసలో ఉంటాయి. ముదీర్ల బదిలీ. తర్వాత ఎదుటి పార్టీ ఉమ్దాల సస్పెన్షన్. తర్వాత ఓటర్ల జాబితా సవరణ. చివర్న సభలకు అనుమతి నిరాకరణ.

వీటికి తోడు రెండంచెల ఓటు. 1923 చట్టంలో ముప్పై మంది ఓటర్లకు ఒక ప్రతినిధి. ఆ ప్రతినిధులే అసలు సభ్యుణ్ణి ఎన్నుకుంటారు. ఆరు వందల ఓట్లున్న ఊరికి ఇరవై మంది ప్రతినిధులు. మఅమూర్ బెదిరించాల్సింది, బుజ్జగించాల్సింది ఆ ఇరవై మందినే. 1924లో వఫ్ద్ ప్రభుత్వం ప్రత్యక్ష ఎన్నిక చట్టం తెచ్చింది అందుకే. 1930లో సిద్కీ దాన్ని తీసేసి మళ్లీ రెండంచెలు పెట్టాడు, ఈసారి యాభై మందికి ఒక ప్రతినిధి. అదే ఊళ్లో ఇక పన్నెండు మందిని చూసుకుంటే చాలు. ఓటు వయసును కూడా 21 నుంచి 25కు పెంచాడు.

ఈ యంత్రం ఎప్పుడు చెడిపోతుందంటే, ఉమ్దాలు మొండికేసినప్పుడు. 1926 మొదట్లో జివర్ ప్రభుత్వం ఓటు హక్కును కుదించే కొత్త చట్టాన్ని అమలు చేయబోయినప్పుడు, చాలామంది ఉమ్దాలు ఓటర్ల జాబితాలు తీసుకోవడానికే ఒప్పుకోలేదు. కేసులు పెట్టినా లొంగలేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గి 1924 చట్టంతోనే ఎన్నిక జరిపింది, వఫ్ద్ గెలిచింది. నవంబర్ 21 నాటి హోటల్ సభ తీర్మానం ఉమ్దాల మొండితనంతో కలిస్తేనే పనిచేసింది. ఒక్క తీర్మానంతో జివర్ దిగేవాడు కాదు.

పాతపటం

1924 మొదటి ఎన్నికలో రెండంచెలు ఉన్నా వఫ్ద్‌కు పదింట తొమ్మిది వంతుల సీట్లు వచ్చాయి కదా?

ఊరిచావడి

వచ్చాయి, ఎందుకంటే అప్పటి ప్రధాని యహ్యా ఇబ్రహీం యంత్రాంగాన్ని వాడలేదు. ఆయన సొంత నియోజకవర్గంలో తానే ఓడిపోయాడు, అదీ పెద్దగా పేరులేని వఫ్ద్ అభ్యర్థి చేతిలో. ఈజిప్టులో ఎన్నిక నిజాయితీని ఇప్పటికీ ఆ ఓటమితో కొలుస్తారు. ఆయనకు దక్కాల్సిన గౌరవం తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఎక్కడా కనిపించదు.

తెల్లబంగారం

భూమి ముచ్చట లేకుండా ఓటు ముచ్చట పూర్తికాదు. 1952 నాటికి రెండు వందల ఫెద్దాన్లు దాటిన ఆసాములు సుమారు రెండు వేల మంది. వాళ్ల చేతిలో సాగుభూమిలో ఐదో వంతు. అటు చివర ఐదు ఫెద్దాన్లలోపు వాళ్లు నూటికి 94 మంది, వాళ్లందరికీ కలిపి 35 శాతం. అసలు భూమే లేనివాళ్లు ఈ లెక్కలోకే రారు.

పెద్ద ఆసామి కమతాన్ని ఇజ్బా అంటారు. మట్టి ఇళ్లు, పశువుల కొట్టం, బావి, గోదాం అన్నీ యజమానివే. పత్తి మొత్తం దొరది. కూలికి బదులు చాలాచోట్ల కొంచెం చెక్క ఇచ్చి జొన్నో, మొక్కజొన్నో, పశువులకు బర్సీం గడ్డో వేసుకోమంటారు. ఉండే ఇల్లు కూడా దొరదే అయినప్పుడు ఓటు ఎవరికి పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే వఫ్ద్ కూడా తన అభ్యర్థుల్లో పెద్ద ఆసాములనే పెట్టుకుంది. పార్టీకి అడ్డం పడ్డ గోడ అదే. సభ నిండా భూస్వాములే ఉంటే భూపరిమితి చట్టం అక్కడ పాసవదు. పాసవలేదు కూడా. 1952 సెప్టెంబర్ 9న రెండు వందల ఫెద్దాన్ల పరిమితి పెట్టింది సైనికులు.

1912లో అప్పటి బ్రిటిష్ ప్రతినిధి కిచనర్ తెచ్చిన ఐదు ఫెద్దాన్ల చట్టాన్నీ చూడండి. ఐదు ఫెద్దాన్లు, అంతకు తక్కువ ఉన్న రైతు భూమిని అప్పుకింద జప్తు చేయకూడదు. ఉద్దేశం మంచిదే. తాకట్టుకు భూమి పనికిరాకపోయేసరికి బ్యాంకులు చిన్న రైతుకు అప్పు మానేశాయి, విత్తనాలకూ ఎరువుకూ రైతు ఊరి వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయాడు. ప్రభుత్వం తోడ్పడిన వ్యవసాయ రుణ బ్యాంకు వచ్చేసరికి 1931 అయింది.

కవిలెకట్ట

ఆదాయం వైపు కూడా కట్లున్నాయి, క్లుప్తంగా చెబుతాను. విదేశీయుల మీద ప్రత్యక్ష పన్ను వేయాలంటే వాళ్ల ప్రభుత్వాలు ఒప్పుకోవాలి. వాళ్లను వదిలి ఈజిప్షియన్ల మీదే వేయడం ఏ పార్లమెంటుకూ సాధ్యం కాదు. అందుకే 1937 మే 8న మాంత్రో ఒప్పందంతో ఆ ప్రత్యేక హక్కులు పోయేదాకా ఆదాయపు పన్ను లేదు. మొదటి చట్టం 1939లో వచ్చింది. సొంత కస్టమ్స్ సుంకాలు నిర్ణయించుకునే స్వేచ్ఛ 1930లో. విదేశీయుల కేసులు విచారించే మిశ్రమ కోర్టులు 1949 అక్టోబర్ దాకా నడిచాయి. బడ్జెట్ చర్చలో సభ ఎంత గట్టిగా మాట్లాడినా, పట్టుకోగలిగిన పన్నులు భూమి శిస్తు, కస్టమ్స్, ఇంకొన్ని.

గొలుసు

1930 గురించి ఎవరూ రాయలేదు. నా దృష్టిలో ఈ దారం మొత్తానికి నడుమ ఉన్నది అదే.

నహ్హాస్ ప్రభుత్వం ఒక బిల్లు సిద్ధం చేసింది: రాజ్యాంగాన్ని ఉల్లంఘించిన మంత్రుల విచారణకు చట్టం. 88, 89ను మీరితే శిక్ష లేదన్న లోటును పూడ్చే ప్రయత్నమే అది. ఫువాద్ బిల్లు మీద సంతకం పెట్టలేదు. జూన్ 17న నహ్హాస్ సభకు వచ్చి రాజీనామా సంగతి చెప్పాడు. ఆ రోజే సభ్యుడు, రచయిత అబ్బాస్ మహమూద్ అల్-అక్కాద్ లేచి, రాజ్యాంగాన్ని కాపాడుకోవడానికి దేశంలోకెల్లా పెద్ద తలనైనా నలిపేయడానికి సభ సిద్ధంగా ఉందన్నాడు. సభలో అన్న మాట కనుక దాని మీద కేసు పెట్టలేరు. తర్వాత పత్రికలో రాసిన వ్యాసాలు పట్టుకుని, రాజును నిందించాడని తొమ్మిది నెలలు జైల్లో పెట్టారు.

సిద్కీ ప్రధాని అయ్యాడు. వచ్చీ రాగానే పార్లమెంటును నెల వాయిదా వేసే ఉత్తర్వు తెచ్చాడు. అది రాజు హక్కే. కానీ ఉత్తర్వు చదివాక సభలో ఎవరూ మాట్లాడకూడదని షరతు పెట్టాడు. సభాపతి వీసా వాసిఫ్ కుదరదన్నాడు. జూన్ 23న సభ్యులు వచ్చేసరికి గేట్లకు ఇనప గొలుసులు చుట్టి తాళాలు వేసి ఉన్నాయి, బయట పోలీసులు, సైనికులు. పార్లమెంటు కాపలాదళం సభాపతి కింద పనిచేస్తుంది, హోంశాఖ కింద కాదు. వాసిఫ్ వాళ్లను పిలిచి గొలుసులు నరకమన్నాడు. గొడ్డళ్లు తెచ్చి నరికారు. సభ్యులు లోపలికి వెళ్లారు, ఉత్తర్వు చదివారు, రాజ్యాంగాన్ని కాపాడతామని నిలబడి ప్రమాణం చేశారు. ఈజిప్టు ఆయన్ని 'గొలుసులు తెంచినవాడు' అనే పిలుచుకుంది.

కాప్ట్ క్రైస్తవుడు, ముస్లిం మెజారిటీ సభకు అధ్యక్షుడు. ఆ రోజు ఆ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. రాచరిక కాలాన్ని తిట్టేవాళ్లు ఇది కూడా చూడాలి.

పాతపటం

గొలుసు తెగింది, మరి సిద్కీ ఎలా నెగ్గాడు?

గొలుసు

గేటు వదిలేసి రాజ్యాంగాన్నే మార్చేశాడు. అక్టోబర్ 22న 1923 రాజ్యాంగం రద్దు, దాని స్థానంలో 1930 రాజ్యాంగం. ప్రతినిధుల సభ 150 మంది. సెనేట్ వంద మంది, అందులో అరవై మంది రాజు నియమించేవాళ్లు. 1931 ఎన్నికను వఫ్ద్, లిబరల్స్ ఇద్దరూ బహిష్కరించారు. ఉమ్దాలు గుంపులుగా రాజీనామా చేశారు, వాళ్లకు జరిమానాలు పడ్డాయి. 1926లో ఆ మొండితనం నెగ్గింది. ఈసారి నెగ్గలేదు. పత్తి ధర కుప్పకూలిన ఏడాది జరిమానా కట్టే తాహతు ఎవరికుంది?

1923 రాజ్యాంగం తిరిగొచ్చింది 1935 డిసెంబర్‌లో. నవంబర్‌లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి శామ్యూల్ హోర్ ఆ రాజ్యాంగం పనికిరాదని తాము సలహా ఇచ్చామని బహిరంగంగా చెప్పేసరికి కైరో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, అబ్బాస్ వంతెన మీద పోలీసులు కాల్చారు.

దక్కన్_దారి

నైలుగట్టు గారు ఖిలాఫత్ సంగతి ఎత్తారు కనుక మన హైదరాబాద్ ముడి ఒకటి చెబుతాను. 1924లో పదవి పోయిన ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు ఆసరాగా నెలనెలా డబ్బు పంపినవాడు మన నిజాం. 1931 నవంబర్‌లో ఫ్రాన్సులోని నీస్‌లో ఆ ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజం జా పెళ్లాడాడు. దుర్రెషెహ్వార్ అన్న కూతురు నెస్లిషా. 1940లో ఆమె ఈజిప్టు రాకుమారుడు ముహమ్మద్ అబ్దుల్ మునీంను పెళ్లాడింది. 1952లో ఫువాద్ కొడుకు, రాజు ఫారూక్ పదవి వదిలి వెళ్లిపోయాక పసిరాజు తరఫున రీజెంట్‌గా కూర్చున్నది ఆ అబ్దుల్ మునీమే. అంటే ఈజిప్టు ఆఖరి రీజెంట్ భార్యకు హైదరాబాద్ బేరార్ యువరాణి దుర్రెషెహ్వార్ స్వయానా మేనత్త.

పాతపటం

ఈ ముడి తెలియదు, ధన్యవాదాలండి. ఫారూక్ కాలానికి వద్దాం. 1942 ఫిబ్రవరి 4న రాజునే బ్రిటిష్ వాళ్లు బెదిరించి వఫ్ద్‌ను కూర్చోబెట్టారు కదా. అది వఫ్ద్‌కు మేలేనా?

డెల్టాచేను

మేలు అనిపించిన కీడు. ఆ పొద్దున బ్రిటిష్ రాయబారి మైల్స్ లాంప్సన్ కబురు పంపాడు: సాయంత్రం ఆరు లోపు నహ్హాస్‌ను ప్రభుత్వం ఏర్పాటు చేయమన్నట్టు తనకు తెలియకపోతే, జరిగేదానికి రాజే బాధ్యుడు. ఫారూక్ నాయకులందరినీ పిలిచాడు. వాళ్లు ఇది దేశ స్వాతంత్ర్యం మీద దాడి అని రాసిచ్చారు, దాని మీద నహ్హాస్ కూడా సంతకం చేశాడు. రాత్రి తొమ్మిదింటికి ట్యాంకులు అబ్దీన్ కోటను చుట్టుముట్టాయి. లాంప్సన్ సిద్ధంగా తెచ్చిన పదవీత్యాగ పత్రాన్ని బల్లమీద పెట్టాడు. ఫారూక్ కలం అందుకున్నాడు. పక్కనున్న రాజు సలహాదారు హసనైన్ పాషా అరబిక్‌లో ఏదో చెప్పాడు. రాజు ఆగి, ఇంకొక్క అవకాశం ఇమ్మన్నాడు, నహ్హాస్‌ను పిలుస్తానన్నాడు. ఫారూక్‌కు అప్పటికి నిండా ఇరవై రెండేళ్లు లేవు.

మర్నాడు నహ్హాస్ లాంప్సన్‌కు ఉత్తరం రాసి, ఈజిప్టు అంతర్గత వ్యవహారాల్లో జోక్యం ఉండదని జవాబు రాయించుకున్నాడు. కానీ ఊళ్లో ఆ ఉత్తరాన్ని ఎవరు చదువుతారు? ట్యాంకులు అందరూ చూశారు. ఇరవై ఏళ్లు జనం ఓటుతో రావాలని కొట్లాడిన పార్టీకి అది ఆరని మచ్చ. సైన్యంలో యువ అధికారుల మనసు అక్కడే విరిగింది. ఆ అధికారులు ఎక్కడివాళ్లు అంటే, బ్రిటన్‌తో 1936 ఒప్పందం తర్వాత వఫ్ద్ ప్రభుత్వమే సైనిక కళాశాల తలుపులు మామూలు కుటుంబాలకు తెరిచింది. నాసర్, సాదాత్ ఇద్దరూ 1938లో అక్కడినుంచి బయటికొచ్చినవాళ్లు.

కవిలెకట్ట

ఆ రాత్రి ఫారూక్‌ది పగబట్టే మనసైపోయిందనడానికి తారీఖే సాక్షి. 1944 అక్టోబర్ 7న నహ్హాస్ అలెగ్జాండ్రియాలో అరబ్ దేశాల కూటమికి పునాది వేసిన ఒప్పందం మీద సంతకం చేశాడు. మర్నాడే బర్తరఫ్.

పాతపటం

చివరి ప్రశ్న. 1952 జులై 26న ఫారూక్ పదవి వదిలి మహ్‌రూసా నౌకలో అలెగ్జాండ్రియా దాటాడు. కొడుకు ఆరు నెలల పసివాడు. రీజెన్సీకి రాజ్యాంగంలో పద్ధతి ఉండే ఉంటుంది. అప్పుడు పార్లమెంటును పిలిచారా?

నైలుగట్టు

పిలవలేదు. ఇక్కడ మళ్లీ అదే తలుపు దగ్గరికి వస్తాం.

రీజెన్సీ మండలి ఉభయ సభల ముందు ప్రమాణం చేస్తేగాని పని మొదలుపెట్టడానికి వీల్లేదు. ప్రతినిధుల సభ మార్చిలోనే రద్దయింది. 89 ప్రకారం రెండు నెలల్లో జరగాల్సిన ఎన్నికలు నిరవధికంగా వాయిదా పడ్డాయి. రాజు చనిపోయినప్పుడు సభ రద్దయి ఉంటే, కొత్త సభ వచ్చేదాకా పాత సభే తిరిగి కూర్చోవాలని రాజ్యాంగం చెబుతోంది. పాత సభ అంటే 1950లో ఎన్నికైనది, 319 సీట్లలో 220 పైచిలుకు వఫ్ద్‌వి. దాన్ని పిలిస్తే అధికారం మళ్లీ వఫ్ద్ చేతికే.

సైనికులు స్టేట్ కౌన్సిల్‌ను (ప్రభుత్వ చర్యల మీద తీర్పు చెప్పే, న్యాయసలహా ఇచ్చే సంస్థ) అభిప్రాయం అడిగారు. దాని అధ్యక్షుడు అబ్దుర్రజాక్ సన్‌హూరీ, అరబ్ ప్రపంచంలో అంతటి న్యాయవేత్త లేడనిపించుకున్నవాడు. జులై 31న స్టేట్ కౌన్సిల్ తేల్చింది: రాజ్యాంగం చెప్పింది రాజు మరణం గురించి, పదవీత్యాగం గురించి చెప్పలేదు. కాబట్టి పాత సభను పిలవక్కర్లేదు, తాత్కాలిక రీజెన్సీ మండలిని మంత్రివర్గమే పెట్టొచ్చు. తొమ్మిది మంది ఔనన్నారు. వహీద్ రఅఫత్ ఒక్కడే కాదన్నాడు. రాజు పీఠం ఖాళీ అయింది కనుక మరణానికి వర్తించేదే దీనికీ వర్తిస్తుందని, సభను పిలవాల్సిందేనని ఆయన వాదన.

గొలుసు

మొదట్లో నైలుగట్టు గారు అన్నారు, ఉల్లంఘన మీద తీర్పు చెప్పే కోర్టు లేదని. 1946లో స్టేట్ కౌన్సిల్ ఏర్పడ్డాక అలాంటి పీఠం ఒకటి వచ్చినట్టే అయింది. 1952 జులైలో ఆ పీఠం ముందుకు అసలు ప్రశ్న వచ్చింది. జవాబు తొమ్మిదికి ఒకటి. అదే ఏడాది డిసెంబర్ 10న 1923 రాజ్యాంగాన్ని రద్దు చేశారు.

పాతపటం

వహీద్ రఅఫత్ అసమ్మతి వాదన పూర్తి పాఠం ఎవరి దగ్గరైనా ఉంటే నిబంధనల వరుసలో తెలుగులో పెట్టండి. 88, 89, 96 పక్కనే అది కూడా ఉండాలి.